దోర జామకాయంత గాలి

వెంకటగిరియప్ప షాపుకు పేరు రాసిన బోర్డు ఏనాడూ లేదు. వర్తూరు చెరువు పక్క రోడ్డులో, ఒక అపార్ట్‌మెంటు కాంపౌండు గోడకు ఆనించి వేసిన రేకుల పంచ అది. ముందు గుంజకు పాత లారీ టైరు ఒకటి తగిలించి ఉంటుంది. లోపల కంప్రెసరు, నీళ్ళ తొట్టి, సొల్యూషన్ డబ్బాలు, మేకులకు వేలాడే ట్యూబులు. ముత్తాత ఏ కరువులోనో గోరంట్ల వైపు నుంచి వచ్చి ఇక్కడ నిలిచిపోయాడు. అందుకని ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, షాపులో మాత్రం ఎదుటి మనిషి నోట ఏది వస్తే అది.

పంక్చర్ పని అతను నడివయసులో నేర్చుకున్నది. అంతకుముందు ఇరవై రెండేళ్ళు సైకిలు మీద పాలు మోశాడు. వ్యాన్లు వచ్చాయి, పాలు ప్యాకెట్లలోకి పోయాయి. మిగిలిన సైకిలునే ముందు పెట్టుకుని కూర్చుంటే పక్కవాళ్ళు తమ సైకిళ్ళు తెచ్చారు, తర్వాత స్కూటర్లు తెచ్చారు. అలా అరవై రెండేళ్ళు వచ్చాయి.

అతను పెట్టిన గాలి మీద ఆ వీధికి గురి. షాపులో మీటరు ఉంది గానీ అతను దాన్ని చూసేది కస్టమర్ల తృప్తి కోసమే. టైరును బొటనవేలితో నొక్కి ఎంత ఉందో చెప్పేస్తాడు. ఈ పనిలో మెత్తటి టైరు కంటే పెద్ద నామర్దా లేదు. కూరగాయల బండివాడైనా, గ్యాస్ సిలిండర్లు వేసేవాడైనా పోయే ముందు ఒకసారి నొక్కి చూస్తాడు. వేలు దిగిందంటే మొహం మీదే అంటాడు.

"ఏమప్పా, గాలి పెట్టినావా, నోటితో ఊదినావా?"

ఆ మాట పడకుండా ఇన్నేళ్ళు నెట్టుకొచ్చాడు వెంకటగిరియప్ప.

అతని భార్య అక్కయమ్మ ఉన్నన్నాళ్ళూ మధ్యాహ్నాలు షాపులోనే కూర్చునేది. ప్యాచీలు కత్తిరించి ఇచ్చేది, వచ్చినవాళ్ళతో మాట్లాడేది. బ్రేకు చూడమని ఇచ్చిన సైకిలుకు ఇతను చెయినుకు నూనె కూడా వెయ్యబోతే పట్టుకునేది. "అడిగినారా వాళ్ళు? అడక్కుండా ముట్టొద్దప్పా. నీ చేతులకు పనిలేక చేస్తాండావు." ఆమె పోయి రెండేళ్ళు దాటింది. ఇప్పుడు అతని చేతుల్ని ఆపేవాళ్ళు లేరు.

శ్రీజ వెనక అపార్ట్‌మెంటులో ఉంటుంది. కరీంనగర్ పిల్ల, కంప్యూటర్ ఉద్యోగం, ముప్పై ఒకటో ముప్పై రెండో. ఆమె సైకిలు హ్యాండిలు పొట్టేలు కొమ్ముల్లా వంగి ఉంటుంది. టైర్లు మాత్రం రేసు సైకిళ్ళ మాదిరి సన్నగా ఉండవు, కాస్త వెడల్పు. మట్టి రోడ్ల మీద, కంకర మీద పందేలు వేసుకునే సైకిలు అది. మొదటిసారి దాన్ని చూసినప్పుడు వెంకటగిరియప్ప నవ్వాడు. "మట్టిరోడ్డు వద్దని మేము ఊరు ఇడ్సిపెట్టి వస్తిమి. మీరు దుడ్డు పోసి సైకిలు కొని మట్టిరోడ్డు ఎతుక్కుంటా పోతారా పాపా?" ఆ తర్వాత ఆమె ఆదివారాలు తొక్కి వస్తూ వస్తూ షాపు దగ్గర ఆగడం అలవాటైంది. టీ అతనిది, బిస్కెట్లు ఆమెవి.

నిరుడు ఆ పందెంలో, చందాపుర అవతల క్వారీ దిన్నె దిగుతూ శ్రీజ పడింది. మెడకింద ఎముక విరిగింది. చేతికి కట్టు వేసుకుని, వంగిన చక్రాన్ని రెండో చేత్తో దొర్లించుకుంటూ షాపుకు వచ్చిన రోజు వెంకటగిరియప్పకు ఇంకా కళ్ళముందే ఉంది. నాలుగు నెలలు ఆ చెయ్యి తలదాకా లేవలేదు. ఈ ఏడు మళ్ళీ అదే పందేనికి పేరిచ్చింది.

"గెలుస్తనని కాదప్పా," అంది టీ తాగుతూ. "ఆ దిన్నె ఒక్కసారి పడకుండ దిగాలె. రాత్రి పండుకుంటే అదే కండ్లల్ల కనపడ్తది. దిగితే పోతది."

పందెంవాళ్ళు దారిలో ఒక చోట రిపేరు మనిషి కావాలంటే ఆమె ఇతని పేరే చెప్పింది.

ముందురోజు శనివారం సాయంత్రం సైకిలు తెచ్చి ఇచ్చింది. "వెనుక బ్రేకు కీచుమంటుంది. చూసి పెట్టప్పా. పొద్దున వ్యాన్‌లో ఎక్కిద్దాం." ఆఫీసు ఫోను చెవికి పెట్టుకునే ఉంది, ఆ మాట చెప్పి వెళ్ళిపోయింది.

బ్రేకు పని పావుగంట. గరుకు కాగితంతో రెండు రుద్దులు రుద్ది, బిగించి, తిప్పి చూశాడు. చప్పుడు పోయింది. ఇవతలికి తీసి గోడకు ఆనిస్తూ అలవాటు కొద్దీ ముందు టైరు నొక్కాడు. బొటనవేలు దిగింది. వెనక టైరు నొక్కాడు. అదీ దిగింది. వెంకటగిరియప్ప మనసు చివుక్కుమంది. ముప్పై పాయింట్లు కూడా సరిగ్గా లేవు. రేపు కంకర మీద పోవాల్సిన టైర్లు! రాయి తగిలితే రిమ్ము దాకా దిగిపోదూ? నిరుడు పిల్ల పడింది ఇందుకే అని అతనికి అప్పటికప్పుడు తెలిసిపోయింది. కంప్రెసరు పైపు లాగాడు. రెండిట్లోనూ నిండా అరవై పెట్టాడు. వేలితో కొడితే కొబ్బరిబోండాం మీద కొట్టినట్టు మోగాయి. ఆ సాయంత్రం మనసుకు చాలా హాయిగా ఉంది. చెబితే మొహమాటపడుతుందని మర్నాడు పొద్దున చెప్పలేదు కూడా.

పందెం మొదలయ్యేది చందాపుర దాటాక ఒక బడి మైదానంలో. తెల్లవారేసరికి వంద దాకా సైకిళ్ళు చేరాయి. నలభై రెండు కిలోమీటర్లు. మొదట పందొమ్మిది తారు రోడ్డు, ఆ తర్వాత అంతా మట్టీ కంకరా, మధ్యలో క్వారీ దిన్నె. శ్రీజ ఆలస్యంగా సంచీ సర్దుకుని, నంబరు కట్టుకుని, ముందు వరసలోకి దూరిపోయింది. సైకిలు చూసుకునే తీరిక ఆమెకు లేదు. నిన్న ఇంట్లో తనే కొలిచి పెట్టుకున్న గాలి కదా.

ఆమె ఆఫీసులోనే పనిచేసే ఫయాజ్ వెనక వరసలో నిలబడి ఉన్నాడు. కదిరివాడు, నోరు ఊరుకోదు. అతని చక్రాల నడిమధ్య, ఇరుసు చుట్టూ, వెడల్పాటి అల్యూమినియం డబ్బా ఉంది. అక్కడినుంచి సన్నటి గొట్టం ఒకటి టైరుకు గాలి ఎక్కించే వాల్‌లోకి పోతోంది. వెంకటగిరియప్ప వంగి దాన్ని చూస్తూ ఉండిపోయాడు.

"ఏం పెద్దాయనా, నా సైకిలుకు దిష్టి పెడ్తాండావా?"

"ఏందప్పా ఇది? టిఫిను క్యారియరు మాదిరి ఉండాది."

"గాలి. తొక్కుతా తొక్కుతానే ఎక్కించేది, దించేది. ఇదో, ఈ బటన్ నొక్కితే దిగుతాది, ఇది నొక్కితే ఎక్కుతాది. దీని ధరలో మా నాయన ఎనుములు కొనేటోడు. ఇంట్లో ఇంకా చెప్పలా."

"దించేది ఎందుకప్పా?"

ఫయాజ్ అతనికేసి జాలిగా చూశాడు. "తారు మీద గట్టిగుంటే స్పీడు. కంకర మీద గట్టిగుంటే బంతి ఎగిరినట్టు ఎగురుతాది పెద్దాయనా, గ్రిప్పు ఎక్కడ్నుంచి వస్తాది? మెత్తగుంటే రాయిని పట్టుకోని పోతాది. మా శ్రీజ పోయినేడు పడింది ఎందుకనుకున్నావ్? యాభై పెట్టుకోని దిగింది. దిన్నె మీద పులిహోర మాదిరి కలిసిపోయింది పాపం. ఈసారి కరెక్టుగా ముప్పై…"

ఈల మోగింది. ఫయాజ్ మాట సగంలో వదిలేసి పెడలు తొక్కాడు. వంద సైకిళ్ళు ఒక్కసారి కదిలాయి. వెంకటగిరియప్ప "పాపా! శ్రీజమ్మా!" అని అరుస్తూ పది అడుగులు పరుగెత్తాడు. మైకులో ఎవరో ఇంగ్లీషులో ఉత్సాహంగా మాట్లాడుతున్నారు. ఆమె నీలం హెల్మెట్టు గేటు దాటిపోయింది.

యాభైకే పడింది. తను అరవై పెట్టాడు.

రిపేరు సామాను వేసుకుని వ్యాన్ ఎక్కాడు. ఆమె ఫోనుకు నాలుగుసార్లు కొట్టాడు. వీపు జేబులో ఉన్న ఫోను ఎవరెత్తుతారు? "ఏనాయ్తు అజ్జా?" అని ఏమైందో డ్రైవరు కన్నడంలో అడిగితే "ఏనిల్లప్పా, సుమ్నే" అని, ఏమీ లేదు ఊరికే అన్నాడు గానీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అడిగినారా వాళ్ళు, అనే గొంతు చెవిలో వినపడింది. అడగలేదే, అక్కయా. బ్రేకు ఒకటే అడిగింది.

అతని పందిరి పద్నాలుగో కిలోమీటరు దగ్గర. అక్కడ ప్రతివాళ్ళూ దిగి, చేతి పట్టీకి రంధ్రం కొట్టించుకుని పోవాలి. రిపేరు మనిషి సాయం చెయ్యదగ్గ చోటు అదొక్కటే. ఇంకెక్కడ ఎవరు చెయ్యి వేసినా పందెంలోంచి తీసేస్తారు. అక్కడినుంచి ఇంకో ఐదు కిలోమీటర్లు తారు, ఆ తర్వాత ఎర్రజెండా పట్టుకున్న మనిషి, అక్కడే కంకర మొదలు. వెంకటగిరియప్ప పంపు, డబ్బా బల్ల మీద పెట్టి రోడ్డు మీదికొచ్చి నిలబడ్డాడు.

మగవాళ్ళ గుంపు ఒకటి పోయింది. ఫయాజ్ పోయాడు. ఆ వెనకే శ్రీజ! ఆడవాళ్ళలో మూడోది. మొహం వెలిగిపోతోంది.

"అప్పా, చూసినవా! ఈరోజు కాళ్ళకు రెక్కలొచ్చినయ్! ఏం పోతుంది బండి!"

"కాళ్ళు కాదు పాపా." అతను సైకిలు హ్యాండిలు పట్టుకున్నాడు. "గాలి. రెండిట్లో అరవై ఉండాది. నిన్న నేనే పెట్టినా. నీకు చెప్పలా."

ఆమె నవ్వు నిలిచిపోయింది. వంగి టైరు నొక్కింది. మళ్ళీ నొక్కింది.

"ఏం చేసినవ్ అప్పా? ఎవరు ముట్టమన్నరు? నేను… ఆ దిన్నె…" ఎడమ చెయ్యి తనంతట తనే కుడి భుజం మీదికి పోయింది.

"తప్పయిపాయ. తిట్టు, ఆమేల తిట్టు. ఇప్పుడు గాలి దించుకుందాం."

శ్రీజ వాల్ మూత తిప్పబోయి ఆగింది. వెనక్కి చూసింది. నలుగురు ఆడవాళ్ళు మలుపులో కనిపిస్తున్నారు. "ఇక్కడే దించేస్తే ఐదు కిలోమీటర్లు తారు మీద ఈడ్చుకుంట పోవాలె. జెండా కాడ ఆగి రెండు టైర్లు కొలుచుకుంట కూసుంటే వీళ్ళంత దాటిపోతరు. ఫయాజ్ లెక్క నాకు బటన్ లేదు కదా."

వెంకటగిరియప్ప చేతులు అప్పుడు కుదుటపడ్డాయి. ఎందుకంటే ఈ చిక్కు అతనికి తెలుసు. ఇరవై రెండేళ్ళు రోజూ పొద్దున దాటిన చిక్కే ఇది.

పాలసైకిలుకు రెండు వైపులా నలభై లీటర్ల క్యాన్లు వేలాడేవి. నిండు క్యాన్లతో సైకిలు ఒకసారి ఆగిందంటే మళ్ళీ ఒక్కడు ఎక్కలేడు. పట్టుకునేందుకు ఇంకో మనిషి కావాలి, లేదా ఆనించేందుకు అరుగు కావాలి. రోడ్డు మీద గట్టి గాలి ఉండాలి, లేకపోతే బరువుకు టైరు నలిగిపోతుంది. చెరువు పక్క ఇసకలో మెత్తగా ఉండాలి, లేకపోతే చక్రం దిగబడుతుంది. ఇసక దగ్గర ఆగడానికి అరుగు లేదు. అందుకని పాలవాళ్ళందరూ టీ అంగడి అరుగు దగ్గరే వాల్ నట్టు ఒక్క రవ్వ వదులు చేసుకుని ఎక్కేవాళ్ళు. దారిపొడుగునా సన్నగా కారి, ఇసకకు చేరేసరికి కావలసినంత దిగేది. ఎంత వదులు చెయ్యాలన్నది కంటికి తెలిసేది కాదు. చెవి దగ్గర పెట్టుకుని వినాలి.

"ఇంచుమించు ఎంతసేపు పడతాది పాపా, జెండాకు?"

"పది, పన్నెండు నిమిషాలు."

అతను రోడ్డు అంచున కూర్చుని కంకరపొడి చేత్తో గెలికాడు. ఆవగింజ కంటే కొంచెం పెద్ద రాయి ఒకటి, దాని జోడుకు ఇంకొకటి ఏరాడు. ముందు టైరు వాల్ మూతలో రాయి వేసి, మూత తిప్పుతూ చెవి ఆనించాడు. స్… మని సన్నటి చప్పుడు మొదలైంది. ఇంకో పావు చుట్టు తిప్పాడు. చప్పుడు పెరిగింది. కాస్త వెనక్కి తిప్పాడు. మూతలోని రాయి వాల్ మొనను నొక్కి పెట్టి గాలిని ఓపిగ్గా వదిలేస్తోంది. వెనక టైరుకు బరువెక్కువ గనుక రాయి చిన్నది వేశాడు. ఇదంతా చేతిపట్టీకి రంధ్రం కొట్టే అమ్మాయి "నెక్స్ట్" అనేలోపే అయిపోయింది.

"విను పాపా. జెండా కాడ రెండు మూతలూ తీసి పారేయి, గాలి కారేది నిలుస్తాది. రెండు చుట్లే ఉండాయి, ఊరికే ఊడొస్తాయి. తీసినంక ఒకసారి నొక్కి చూడు. దోర జామకాయ నొక్కినట్ట ఉండాల. ఇంకా గట్టిగుంటే గోటితో స్వల్ప వదులు. మూతలు తీయడం మరిస్తే మాత్రం దిన్నె మీదికి పోయేసరికి గాలి ఉండదు."

శ్రీజ అతని మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం ఇంకా ఉంది. "నమ్మొచ్చా?" అంది.

"నిన్నటి పని నమ్మొద్దు. ఇది నమ్ము."

ఆమె ఎక్కి వెళ్ళిపోయింది. చక్రం తిరుగుతుంటే ఆ స్… మనే చప్పుడు రెండు క్షణాలు వినిపించి గాలిలో కలిసిపోయింది.

ఆ తర్వాత గంటన్నర వెంకటగిరియప్ప ఆరు పంక్చర్లు వేశాడు, రెండు చెయిన్లు బిగించాడు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. మనసు మాత్రం రాళ్ళ దగ్గరే ఉంది. వెనక రాయి మరీ చిన్నదేమో. కుదుపుకు మూత బిగుసుకుంటే? నట్టు వదులు చెయ్యడం వేరు, రాయి వెయ్యడం వేరు, తను రాయితో ఎప్పుడూ చెయ్యలేదు కదా? క్వారీ వైపు అంబులెన్సు ఒకటి పోతే చేతిలో పానా అలాగే పట్టుకుని అది మలుపు తిరిగేదాకా చూశాడు. అది ఊరికే చోటు మారడానికి పోతోందని అక్కడి అమ్మాయి చెప్పింది. అయినా రెండుసార్లు అడిగాడు.

వ్యాన్‌లో మైదానానికి చేరేసరికి ముందువాళ్ళు అప్పటికే వచ్చేశారు. ఫయాజ్ హెల్మెట్టు తీసి తల మీద నీళ్ళు పోసుకుంటున్నాడు.

"శ్రీజమ్మ ఎక్కడుండాదప్పా?"

"దిన్నె మీద నా పక్కనుంచే పాయ పెద్దాయనా. నేను బటన్ నొక్కాల్నా, బ్రేకు పట్టాల్నా అని ఆలోచిస్తాండా, ఆ యమ్మ దిగి పాయ. మళ్ళ ఎక్కేకాడ నేను దాటినా అనుకో. రాసుకో, నేనే ముందు."

"దిగిందా? పడలేదు?"

"పడితే నేనెందుకు నవ్వుతా చెప్తా? దిగింది. కింది దాకా."

వెంకటగిరియప్ప ముగింపు గీత దగ్గరికి పోయి తాడు పట్టుకుని నిలబడ్డాడు.

శ్రీజ ఆడవాళ్ళలో ఏడోదిగా వచ్చింది. హెల్మెట్టు నుంచి బూట్ల దాకా ఎర్రమట్టి, పళ్ళు మాత్రం తెల్లగా. గీత దాటాక బ్రేకు వెయ్యకుండా గడ్డిలోకి పోయి, సైకిలుతో సహా మెల్లగా పక్కకు వాలింది. వెంకటగిరియప్ప తాడు వదిలి పరుగెత్తాడు. ఆమె వెల్లకిలా పడుకుని నవ్వుతోంది.

"ఇది పడుడు కాదప్పా, పండుకునుడు."

అతను పక్కన నిలబడి నీళ్ళ సీసా అందించాడు.

"ముందు మూత ఇట్ల పట్టుకోంగనే వచ్చింది," అంది లేచి కూర్చుంటూ. "వెనుకది రాలే. గ్లౌజు జారుతుంది. గ్లౌజు తీసి, టీ షర్ట్‌తో పట్టి తిప్పితే అప్పుడొచ్చింది. అప్పటికే నలుగురు పోయిన్రు. వెనుక టైరు జామకాయ కాదు, పండు అరటికాయ అయింది."

"రాయి చిన్నది వేసినా కదా! మూత ఇంకొంచెం తిప్పేసినానేమో…"

"విను ముందు. దిన్నె పైకి ఎక్కినంక కిందికి చూసిన. పోయినేడు ఎక్కడ పడ్డనో అదే బండ, అదే మలుపు. ఇగ వదిలేసిన. వెనుక చక్రం కొంచెం అటూ ఇటూ ఊగింది, కాని ఎగరలే అప్పా. ఒక్కసారి గూడ ఎగరలే. రాళ్ళు కింద నలుగుతున్నట్టు చప్పుడు. మలుపు తిరిగిన, ఇంక అయిపోయింది. కింద ఆగి వెనక్కి చూద్దామనుకున్న. ఆగలే, పోయిన."

చెబుతూ చెబుతూ ఆమె కుడిచెయ్యి పైకెత్తి దిన్నె ఎంత ఎత్తో చూపించింది. చెయ్యి తల దాటి పోయింది. వెంకటగిరియప్ప దాన్నే చూస్తూ ఉన్నాడు.

"ఏడో నంబరు," అన్నాడు. "నేను ముట్టకపోతే మూడోది అయ్యేదానివి."

"నువ్వు ముట్టకపోతే తారు మీద మూడో నంబరుకే రాకపోదును." సీసాలో మిగిలిన నీళ్ళు మొహం మీద పోసుకుంది. "ఇది మాఫీ కాదు మళ్ళ. వచ్చే వారం టీ, బిస్కెట్లు రెండూ నీవే."

"మరి తిట్టేది?"

"తిడ్త. ముందు తిననీ."

పందెంవాళ్ళు అరటాకు ముక్కల్లో చిత్రాన్నం పంచుతున్నారు. ఫయాజ్ మూడు పొట్లాలు తెచ్చి గడ్డి మీద పెట్టాడు. తన డబ్బా చక్రాన్ని గురించి మళ్ళీ మొదలుపెట్టబోయి, మూతలో రాయి సంగతి విని, నోట్లో ముద్ద అలాగే ఉంచుకుని వెంకటగిరియప్ప వైపు చూశాడు. "రాయా? పెద్దాయనా, ఈ మాట మా ఇంట్లో చెప్పొద్దు. సైకిలుతో పాటు నన్నూ బయట పెడతారు."

శ్రీజ పొరమారేదాకా నవ్వింది. వెంకటగిరియప్ప ఆమె వీపు మీద తట్టి, ఎండ ఎక్కుతున్నా పట్టించుకోకుండా, తెల్లవారుజాము నుంచి మొదటిసారి కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. చిత్రాన్నంలో ఉప్పు తక్కువైంది. ఆ మాట ఎవరూ అనలేదు.